ఉంచాలా, కొట్టెయ్యాలా

మా పై పోర్షన్ అక్క పోయిందన్న కబురు పొద్దున్నే, నేను గోంగూర ఒలుస్తుండగా వచ్చింది. అక్క తమ్ముడి కూతురు ఫోన్‌లో ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసి పంపింది. వాళ్ల ఊళ్లో, వాళ్ల ఇంట్లో, నిద్రలోనే పోయిందట. డెబ్బై దాటిన మనిషి, చాలా రోజులుగా గుండె బాగాలేదు. ఆ నాలుగు లైన్లు రెండుసార్లు చదివి, ఫోన్ బోర్లా పెట్టి, గోంగూర మొత్తం ఒలిచేదాకా పీట మీంచి లేవలేదు.

నిజం చెప్తాను. నాకు ముందు ఏడుపు రాలేదు. ఇక నన్ను అడిగేవాళ్లు లేరని ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది. ఆ వెంటనే భయం పట్టుకుంది. అడిగే మనిషే పోతే, ఇక ఆ మాట చెప్పాల్సింది నేనొక్కదాన్నే. అలా ఊరట పడినందుకు సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

మా వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ అమెరికా అక్క, నాకు పై పోర్షన్ అక్క. వాళ్ల దేశంలో పేరున్న జర్నలిస్టు. నలభై ఏళ్లు పేపర్లకు రాసింది, నాలుగు పుస్తకాలు వేసింది. అయిదో పుస్తకం మన హైదరాబాద్ చెరువులు కాలనీలైన కథ. దాని కోసమే దిల్‌సుఖ్‌నగర్ వచ్చి మూడేళ్లు మా మేడ మీద కిరాయికి ఉంది. అప్పటికి నేను ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పడం మానేసి ఇంట్లో ఉంటున్నాను. ఎవరితో మాట్లాడాలన్నా నన్ను వెంటబెట్టుకుని పోయేది. వాళ్లు తెలుగులో చెప్పింది నేను ఇంగ్లీషులో చెప్పాలి, ఆమె ఇంగ్లీషులో అడిగింది నేను తెలుగులో అడగాలి. అదీ నా పని.

ఆమె టు-లెట్ బోర్డు చూసి మా గేటు తోసుకుని వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. వరండాలో మా బావగారు పేపరు చదువుకుంటున్నారు. బావగారంటే మా ఆయనకు అన్న, ఇంటికి పెద్ద. ఇల్లు ఆయన పేరు మీదే ఉంది. మా ఆయన నడిపే సిమెంటు దుకాణమూ ఆయనదే. ఈ చుట్టుపక్కలంతా కాలనీలు కాకముందు, ఊరుగా ఉన్నప్పటి నుంచీ భూములున్న కుటుంబం వాళ్లది. గేటు పక్కన నల్ల గ్రానైటు పలక మీద ఆయన పేరు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి బంగారు రంగు అక్షరాల్లో ఉంటుంది. ఆ పలకను రోజూ తడిబట్టతో తుడిపిస్తారు.

"ఒక్కదానివే ఉంటవా అమ్మా? ఊరు గాని ఊరు, భయం గాదా?" అని అడిగారు బావగారు.

నేను అది ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నిజంగానే భయమవుతుందని, దాన్ని తెలుగులో ఎలా చెప్పాలో నేర్పమని అడిగింది. నేను నేర్పాను. ఆమె బావగారి వైపు తిరిగి చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు అన్నది.

"నాకు భయమైతుంది."

బావగారు గట్టిగా నవ్వారు. పక్క కుర్చీ మీదున్న చేతికర్ర తీసి గోడకు ఆనించి, "గట్లయితే మన ఇండ్లనే ఉండు, ఎవడేమంటడో సూద్దాం. కూసో" అన్నారు. ఆమెకు మా ఇంట్లో చోటు అలా దొరికింది. ఆమె నేర్చుకున్న మొదటి తెలుగు వాక్యం కూడా అదే.

ఆ తర్వాత ఆ వాక్యాన్ని ఆమె ఎక్కడపడితే అక్కడ వాడింది. దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు దాటేటప్పుడు పక్కనున్న మనిషి ఎవరైనా సరే, చెయ్యి పట్టుకుని "నాకు భయమైతుంది" అనేది. కాలేజీ పిల్లలు, పూలమ్మే ఆడవాళ్లు, ఒకసారి ట్రాఫిక్ కానిస్టేబులు, అందరూ చెయ్యి పట్టుకుని దాటించినవాళ్లే. ఆటో వేగంగా పోతే అదే మాట, వీధికుక్క ఎదురైతే అదే మాట. పెద్ద మనుషుల ఇళ్లకు వివరాలు అడగడానికి పోయినప్పుడు కూడా కూర్చోగానే ముందు ఇదే మాట. నేను నవ్వేదాన్ని. అదంతా ఎత్తుగడ అనుకునేదాన్ని. కాదు, ఆమె నిజంగానే అన్నింటికీ భయపడేది. వేలాడే కరెంటు తీగలు చూస్తే ఆమె చెయ్యి చల్లబడడం నాకు తెలుసు. "భయమని చెప్పుకుంటే సగం పని అయిపోతుంది చెల్లె, మిగతా సగం భయపడుతూ చెయ్యొచ్చు" అనేది. నాకది అప్పట్లో తమాషాగా ఉండేది. నాకు ఇంట్లో ఎవరి ముందూ భయమని చెప్పుకునే అలవాటు లేదు, భయం మాత్రం నిండా ఉంది.

సాయంత్రాలు మేడ మీద బట్టలు తీస్తూ తన కథ ముక్కలు ముక్కలుగా చెప్పింది. వాళ్ల నాన్న లారీలు బాగుచేసేవాడు. పంతొమ్మిదేళ్లకు వాళ్ల ఊరి చిన్న పేపర్లో చేరితే, కొత్తవాళ్లకు ఇచ్చే పని అని చావు కబుర్లు రాయమన్నారట. ఎవరింటికి ఫోన్ చేసినా మంచి భర్త, మంచి తండ్రి అనే చెప్పేవాళ్లు. అందరు మంచివాళ్ల గురించి రాసి రాసి విసుగొచ్చి, ఆమె ఒక ప్రశ్న మొదలుపెట్టింది. ఆయన దేనికి భయపడేవారు అని. అప్పుడు అసలు మనిషి బయటికి వచ్చేవాడు. జీవితమంతా ఫైరింజన్ మీద పనిచేసిన ఒకాయన మంటలకు కాదు, ఇంట్లో ఫోన్ మోగితే భయపడేవాడని ఆయన భార్య చెప్పిందట. "పోయినవాళ్ల మీద రాసేటప్పుడు వాళ్ల భయం కనుక్కో, మంచితనం దానంతటదే వస్తుంది" అని నాకు చెప్పింది. ఆ మాట ఆమె మీదే వాడాల్సి వస్తుందని నేను అనుకోలేదు.

ఆమె భయమేమిటో కూడా ఆమే చెప్పింది. ఇరవై అయిదేళ్ల వయసులో, కోళ్లు కోసి పెట్టెల్లో సర్దే ఒక ఫ్యాక్టరీ గురించి రాసింది. అక్కడ పనిచేసే ఒకతను తన చేతులు చూపించి, వేళ్లెలా పోయాయో చెప్పాడు. ఆమె అతని పేరుతో సహా అచ్చు వేసింది. వారంలో అతని ఉద్యోగం పోయింది, కిరాయి ఇల్లూ పోయింది. ఈమె క్షమాపణ చెప్పుకుందామని వెళ్లేసరికి తలుపు బార్లా తీసి ఉంది, లోపల ఏమీ లేదు. వాళ్లు ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియలేదు. నా రాత వల్ల ఇంకొక ఇల్లు ఖాళీ అవుతుందేమోనని ఆ రోజు నుంచి భయం అన్నది. అన్నప్పుడు ఆమె చేతిలో నా చీర ఉంది. దాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

అప్పటి నుంచి ఆమె పనికి ఒక పద్ధతి పెట్టుకుంది. మాట్లాడేటప్పుడు రికార్డరు పెట్టదు. పెడితే మనిషి మిషనుతో మాట్లాడతాడని అంటుంది. నోటుబుక్కులో రాసుకుంటుంది. తర్వాత ఆ మనిషి ఇంటికి మళ్లీ వెళ్లి, రాసుకున్న ప్రతి మాటా చదివి వినిపిస్తుంది. ఆమె ఇంగ్లీషులో ఒక వాక్యం చదివితే నేను దాన్ని తెలుగులో చెప్పేదాన్ని. అంతా అయ్యాక ఆమె నేను నేర్పిన తెలుగులో అడిగేది, "ఉంచాలా, కొట్టెయ్యాలా?" అని. కొట్టెయ్యమంటే వాళ్ల ముందే కొట్టేసేది. ఒక ఆటో అన్న తను చెప్పిందంతా కొట్టేయించి, వాళ్లావిడ చేపల పులుసు బాగా వండుతుందన్న ఒక్క ముక్క మాత్రం ఉంచమన్నాడు. అది అలాగే పుస్తకంలో ఉంది.

ఎవరి మీద రాసిందో వాళ్లకు కూడా చదివి వినిపించేది. వాళ్లకు కొట్టెయ్యమనే హక్కు లేదు, జవాబు చెప్పే హక్కు మాత్రం ఉందనేది. ఒక ఆఫీసులో ఒకాయన బల్ల గుద్ది కేకలేస్తుంటే, ఈమె చివరి లైను దాకా చదివింది. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది. అది చూసి నాకు ఆమె మీద గౌరవం పెరిగింది, నా భయం మాత్రం తగ్గలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. దీన్ని ఇంతసేపు తప్పించుకుంటూ వచ్చానని చదివేవాళ్లకు తెలిసిపోయే ఉంటుంది.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో బత్తాయిలు ఏరే ఒకావిడ ఉండేది. మేము ఆమెను బత్తాయిలమ్మ అనేవాళ్లం. నల్లగొండ దిక్కు నుంచి పెళ్లయిన కొత్తలోనే పట్నం వచ్చి, మొగుడూ పెళ్లాలు ఇద్దరూ మార్కెట్లోనే రెక్కలు ముక్కలు చేసుకుని, మా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో చెరువు కింద చిన్న ప్లాటు కొనుక్కుని రెండు గదులు వేసుకున్నారు. ఆ పెద్ద వానల యేడు ఆ కాలనీ నీళ్లలో మునిగింది. ఇంట్లోకి వచ్చిన నీళ్లలో కరెంటు పారి ఆమె భర్త చనిపోయాడు. నీళ్లు నిలిచిన మరక గోడ మీద స్విచ్చి బోర్డు కన్నా పైన ఉంది. దాని మీద ఆమె సున్నం వేయనివ్వలేదు.

అక్కా నేనూ ఆ గదిలో చాప మీద కూర్చున్నాం. ఈ ప్లాటు మీకు ఎవరు అమ్మారని అక్క అడగమంది, నేను అడిగాను.

"అమ్మినాయనకు ఎరికే అమ్మా, ఇది శిఖం, చెరువుల మునిగే జాగని" అన్నది బత్తాయిలమ్మ. "చెరువు నిండితే నీళ్లు ఏడిదాక ఒస్తయో ఆయన చిన్నప్పటి సంది సూసిండు. రిజిస్ట్రేషన్ అయినంక ఆయననే నవ్వుకుంట జెప్పిండు, మా చిన్నప్పుడు గీడ బర్లు ఈదేటియి అని. మేం గూడ నవ్వినం. మాకేం తెలుసు. పేరు రాసుకో. ఆయన పేరు రాసుకో." అని ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పింది.

అది మా బావగారి పేరు.

నాకు చాప కింద నేల లేనట్టయింది. ఆమెకు నేను ఎవరి ఇంటి కోడలినో తెలియదు. అక్క పెన్ను పట్టుకుని నా వైపు చూస్తోంది. ఇల్లు, దుకాణం, పిల్లల చదువులు, మా ఆయన ముఖం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. నేను ఇంగ్లీషులో అన్నాను, "ఇది చెరువు భూమి అని తర్వాత తెలిసిందట. అమ్మింది ఎవరో ఇప్పుడు గుర్తులేదంటోంది."

అక్క రాసుకుంది. తల ఎత్తలేదు.

పదిరోజుల తర్వాత చదివి వినిపించడానికి మళ్లీ వెళ్లాలి. ఆ పదిరోజులు నేను అన్నం సరిగా తినలేదు. అక్క కాగితంలో పేరు లేదు. ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్తే నేను చెప్పిన పేరేది అని బత్తాయిలమ్మ అడుగుతుంది. అప్పుడు అక్కకు తెలిసిపోతుంది. నాకు జ్వరమని చెప్దామనుకున్నాను, చెప్తే ఇంకొకర్ని తీసుకుపోతుందని ఆ భయం ఇంకొకటి. చివరికి వెళ్లాను. అక్క ఇంగ్లీషులో ఒక్కో వాక్యం చదివింది. అమ్మినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి, కాగితంలో లేనిదంతా తెలుగులో కలిపి చెప్పాను. నవ్వడమూ చెప్పాను, బర్రెలూ చెప్పాను, మా బావగారి పేరు కూడా నోరు తెరిచి చెప్పాను. ఇద్దరి మధ్యన నేనొక్కదాన్నే రెండు భాషలు తెలిసినదాన్ని, కనుక ఎవరికి కావలసింది వాళ్లకు వినిపించాను.

"ఉంచాలా, కొట్టెయ్యాలా?" అని అడిగింది అక్క.

"ఉంచు బిడ్డా" అన్నది బత్తాయిలమ్మ. "అమెరికా దాక పోనీ ఆయన పేరు."

నేను గండం గడిచిందనుకున్నాను. అసలు గండం అప్పుడే మొదలైంది.

పుస్తకం అచ్చయ్యాక అక్క అమెరికా నుంచి రెండు కాపీలు పంపింది. ఒకటి నాకు, ఒకటి బత్తాయిలమ్మకు. ఆమె మాటలున్న పేజీలో సిటీ బస్సు టికెట్టు పెట్టి పంపింది. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. బత్తాయిలమ్మ దాన్ని పసుపు గుడ్డలో చుట్టి దేవుడి పటాల పక్కన పెట్టుకుంది. వచ్చినవాళ్లందరికీ గుడ్డ విప్పి, బస్సు టికెట్టు దగ్గర వేలు పెట్టి, "ఇందుల ఉన్నది ఆయన పేరు" అని చూపించేది. వాళ్లు తల ఊపేవాళ్లు. ఆ ఇళ్లల్లో అప్పటికి ఇంగ్లీషు పుస్తకం చదివేవాళ్లు లేరు.

మార్కెట్టు అక్కణ్ణుంచి లేచిపోయాక ఆమె కొత్తపేటలో మెట్రో పిల్లర్ల కింద బండి మీద బత్తాయిలు అమ్మేది. నేను ఆ వైపు పోవడం మానేశాను. ఎల్బీనగర్ పోవాలంటే మెట్రో ఒక స్టేషను ముందే ఎక్కి, కిటికీ వైపు చూడకుండా కూర్చునేదాన్ని. ఒకసారి దొరికిపోయాను. "మేడం, నా కొడుకుకు లగ్గం జేసిన. కోడలు డిగ్రీ సదివింది, దిల్‌సుఖ్‌నగర్ల కోచింగ్ సెంటర్ల కొలువు జేస్తది" అని సంబరంగా చెప్పి రెండు బత్తాయిలు కోసి పెట్టింది. ఇంగ్లీషు వస్తుందా అని అడిగాను. "మస్తుగొస్తది" అన్నది. ఆ బత్తాయి ముక్కలు చేతిలో పట్టుకునే మెట్రో మెట్లెక్కాను.

ఇంట్లో బావగారికి పుస్తకం అంటే గర్వం. పెద్దవయసు వచ్చాక వరండా కుర్చీ వదిలి ఎక్కువగా కదలడం లేదు. ఎవరొచ్చినా "మా మీదింట్ల కూసోనే రాసింది" అని చెప్తారు. ఆయన మాకు ఏనాడూ కీడు చెయ్యలేదు. నా పిల్లల ఫీజులు కట్టారు, నాకు ఆపరేషన్ అయినప్పుడు దవాఖానలో బెంచీ మీద కూర్చున్నారు. అది కూడా చెప్పాలి. అందుకే భయం రెండింతలైంది. చెడ్డవాడైతే ఇంత పరేషాన్ ఉండేది కాదు.

అక్క పోవడానికి నెల ముందు ఫోన్ చేసింది. గొంతు సన్నగా అయిపోయింది. పిల్లల గురించి, కుక్కల గురించి, దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా గురించి అడిగింది. ఆ తర్వాత ఇంగ్లీషులో, నిదానంగా అన్నది, "చెల్లె, ఆ రోజు బత్తాయిలమ్మ ఇంట్లో నీ తెలుగు నా ఇంగ్లీషు కన్నా పొడుగుంది."

నేను లేచి గది తలుపు వేశాను.

"పేర్లను ఎవరూ తర్జుమా చెయ్యక్కర్లేదు. మొదటి రోజే విన్నాను. మూడేళ్లు మీ గేటు మీద రోజూ చదివిన పేరు అది."

ఇంత చిన్న సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. ఇంగ్లీషులో పేరు చెప్పకపోతే ఆమెకు పేరు తెలియదని ఇన్నేళ్లూ అనుకున్నాను. భయపడిన మనిషి బుర్ర ఎంత పనిచేస్తుందో నన్ను చూసి తెలుసుకోవచ్చు. ఎందుకు అడగలేదని ఏడుస్తూ అడిగాను.

"నువ్వు కూడా నా పుస్తకంలో మాట్లాడిన మనిషివే. నోరు తెరిచి చెప్పకుండానే కొట్టెయ్యమన్నావు. కొట్టేశాను. పేరు వేస్తే నీ ఇల్లు ఖాళీ అవుతుందని నాకు భయమేసింది. కానీ ఆమె ఉంచమంది కదా. ఇద్దరిలో కింద పోర్షన్‌లో ఉన్న మనిషి మాటే విన్నాను. అది నా తప్పు, నీ ఒక్కదానిది కాదు." కాసేపు ఊపిరి తీసుకుని, ఈసారి తెలుగులో, "మళ్లీ చదివి వినిపించు చెల్లె" అన్నది.

సరే అన్నాను. వెళ్లలేదు. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటుండగానే ఆ నాలుగు లైన్లు వచ్చాయి.

కబురు తెలిసిన రోజే బావగారు కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆమె ఫోటో పెట్టించారు. వరండాలో ఆ పక్క కుర్చీలో ఒక్కతే కూర్చుని చాయ్ తాగుతున్న ఫోటో. అది తిరిగి తిరిగి చెరువు కింది కాలనీకి చేరింది. మరునాడు బత్తాయిలమ్మ కోడలు ఫోన్ చేసింది.

"మేడం, అమెరికా అక్క పోయిందట గదా. అత్తమ్మ రేపు ఆమె పేరు మీద దీపం పెడతదట. ఆ పేజీ సదివి వినిపియ్యమంటున్నది. మీరే ఒచ్చి తెలుగుల జెప్పాలంట."

వస్తానన్నాను. రాత్రంతా వెళ్లకుండా ఉండే దారులు వెతికాను. మళ్లీ అప్పటిలాగే కలిపి చదవొచ్చు అని కూడా అనిపించింది. ఆ కోడలు పక్కనుంటుందని గుర్తొచ్చి మానుకున్నాను కానీ, నిజాయితీ పుట్టి కాదు.

గదిలో మరక అలాగే ఉంది. అదే గోడకు, పుస్తకం అట్ట మీది ఫోటోను ఫోన్‌లో తీసి ప్రింటు వేయించిన అక్క బొమ్మ ఆనించి, ముందు దీపం పెట్టారు. బత్తాయిలమ్మ పసుపు గుడ్డ విప్పి పుస్తకం నా చేతికిచ్చింది. ఫ్యానుకు పేజీలు లేస్తుంటే ఆమే అరచేత్తో అదిమి పట్టుకుంది. నేను ఇంగ్లీషులో ఒక వాక్యం, తెలుగులో ఒక వాక్యం చదివాను. ఈసారి ఏమీ కలపలేదు. మూడు నిమిషాల్లో అయిపోయింది.

"గంతేనా?" అన్నది.

"అంతే."

"బర్లు? ఆయన పేరు?"

"లేదమ్మా. ఎప్పుడూ లేదు. నువ్వు చెప్పింది నేను అక్కకు చెప్పలేదు. నీ ముందు మాత్రం ఉన్నట్టు చదివాను. ఆయన మా బావ. నాకు భయమయ్యింది."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు. కోడలి వైపు చూసింది. ఆ పిల్ల తల దించుకుని, "నేను లగ్గమైన కొత్తలనే సదివిన అత్తమ్మా. నీకెట్ల జెప్పాల్నో తెల్వక ఊకున్న" అన్నది.

బత్తాయిలమ్మ ఆ పేజీ మీద వేలు పెట్టింది. "ఎంతమందికి సూపిచ్చిన" అన్నది మెల్లగా. "ఇందుల ఉన్నదని ఎంతమందికి సూపిచ్చిన." కొంగుతో ముఖం తుడుచుకుని, కోడలిని పెన్ను తెమ్మంది. "రాయి ఇప్పుడు. పక్కకు జాగ ఉన్నది గదా, రాయి. ఇంగ్లీషుల గూడ రాయి."

పేజీ అంచున రాశాను. ఆమె ఆ రోజు చెప్పిందంతా, నవ్వడంతో సహా, పేరుతో సహా. చదివి వినిపించాను. అడగాల్సింది అడిగాను.

"ఉంచాలా, కొట్టెయ్యాలా?"

"ఉంచు" అన్నది. వెంటనే, "ఇది ఒక్క పుస్తకమే గదా మేడం. మిగిలినయి?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబే మీరు చదువుతున్న ఈ వ్యాసం. అమెరికాలో ఉన్న పుస్తకాలను నేను దిద్దలేను. ఇక్కడ, ఆమెను ఎరిగినవాళ్లు చదివే పత్రికలో, చెప్పగలను. బావగారి పేరు రాయనక్కర్లేదు. మేము ఎవరి మేడ కింద ఉంటామో మా దిక్కు అందరికీ తెలుసు.

అచ్చుకు పంపే ముందు ఇంకొక పని మిగిలింది. ఎవరి మీద రాశామో వాళ్లకు చదివి వినిపించాలి. నిన్న సాయంత్రం కాగితాలు పట్టుకుని వరండాలోకి వెళ్లాను. మా ఆయనకు ముందే చెప్పాను. వద్దనలేదు, రమ్మంటే రాలేదు. బావగారు కుర్చీలో ఉన్నారు.

"బావా, నాకు భయమైతుంది" అన్నాను. ఆ ఇంట్లో నేను ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆయన వింతగా చూశారు. పక్క కుర్చీ మీది చేతికర్ర తీసి గోడకు ఆనించారు. "ఎందుకమ్మా భయం, కూసో" అన్నారు.

కూర్చుని గోంగూర దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చదివాను. ఆయన మధ్యలో ఆపలేదు. బర్రెల దగ్గర మాత్రం, నాతో కాకుండా తనలో తాను అనుకుంటున్నట్టు, "ఈదేటియి. నిజమే" అన్నారు. చివరిదాకా విన్నాక, జవాబు ఏమైనా ఉంటే అది కూడా రాస్తాను బావా అన్నాను. ఆయన లేచి, మెల్లగా గేటు దాకా నడిచి వెళ్లి, పలక మీద తన పేరు కనబడకుండా అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. కర్ర మర్చిపోయి వెళ్లారు. అది నా పక్కన గోడకు అలాగే ఉంది. తీసుకెళ్లి అందిద్దామని లేచాను కానీ, కర్ర పట్టుకుని వరండా మెట్టు మీదే ఆగిపోయాను.